ఇటలీ కొండ ఊళ్లు: పైకి ఎక్కకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

సియెనా, అసీసీ, ఓర్వియెతో, సాన్ జిమిన్యానో... ఊళ్లేమో కొండ మీద, స్టేషన్లూ పార్కింగులూ చాలామటుకు దిగువన. ప్రయాణం చెడేది ఎక్కువగా ఈ ఎత్తుపల్లాల మధ్యనే.

కారు అద్దెకు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అది ఇక్కడ బయల్దేరక ముందే తీసుకోవాలి. పాత ఊరి ద్వారం దగ్గర ఎర్ర అంచున్న గుండ్రటి తెల్ల బోర్డు మీద ‘జోనా త్రాఫికో లిమితాతో’ అని ఉంటుంది, అంటే వాహనాలకు పరిమితి ఉన్న ప్రాంతం. దాని దగ్గర వెలిగే అక్షరాల్లో ‘వార్కో అత్తీవో’ అని కనబడితే దారి తెరిచారనుకుని లోపలికి పోతారు చాలామంది. దాని అర్థం సరిగ్గా తిరగబడి ఉంటుంది: నిషేధం అమల్లో ఉంది, కెమెరా చూస్తోంది. ఎన్నిసార్లు దాటితే అన్ని జరిమానాలు. నోటీసు నెలల తర్వాత ఇంటికి వస్తుంది, కారు సంస్థ తన రుసుము వేరేగా కార్డు నుంచి తీసుకుంటుంది. హోటల్ లోపలే ఉంటే కారు నంబరు వాళ్లకు ముందే పంపి, నమోదు చేశామని జవాబు వచ్చాకే ద్వారం దాటండి. పార్కింగులో నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, పసుపు గీతల మధ్య అసలు ఆపొద్దు.

రైల్లో వెళ్లేవాళ్లకు ఓర్వియెతో సులువు. స్టేషన్ ఎదురుగానే కొండెక్కించే కేబుల్ రైలు ఉంది. అసీసీ స్టేషన్ దిగువన సాంతా మరియా దెల్యి ఆంజెలిలో ఉంది, అక్కణ్ణుంచి బస్సెక్కాలి. సాన్ జిమిన్యానోకు రైలే లేదు, పొజ్జిబోన్సిలో దిగి బస్సు పట్టుకోవాలి. ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్టయితే ఎక్కకముందే ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. లేకపోతే టికెట్టున్నా జరిమానా పడుతుంది.

రాతి వీధులు అరిగి నున్నబడి ఉంటాయి, వాన పడితే జారతాయి. పట్టున్న రబ్బరు అడుగు బూట్లే వేసుకోండి. చక్రాల సూట్‌కేసు కన్నా వీపు సంచి నయం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఓర్వియెతోలోని సాన్ పత్రీత్సియో బావి దగ్గర ఆలోచించుకోవాలి: 248 మెట్లు దిగి, మళ్లీ అన్నీ ఎక్కాలి.

చిత్రాల కోసమే ఇంత దూరం వెళ్తాం కాబట్టి వేళలు తప్పొద్దు. చాలా చర్చిలు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు. అరెజ్జో ఊళ్లో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అనే చిత్రకారుడి కుడ్యచిత్రాలకు సమయం ముందుగా బుక్ చేసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి. మన చుడీదారు, చున్నీ చక్కగా సరిపోతాయి. అసీసీలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి పై అంతస్తులో అందరూ జొత్తో అనే చిత్రకారుడివని చెప్పే బొమ్మల దగ్గరే ఆగిపోతారు. చిమాబుయే వేసిన శిలువ దృశ్యం దగ్గరా నిలబడండి. సీసపు తెలుపు రంగు కాలక్రమంలో నల్లబడి, వెలుగుండాల్సిన ముఖాలు చీకటిగా, ఫొటో నెగెటివ్‌లా కనిపిస్తాయి. చీకటి ప్రార్థనా మందిరాల్లో అక్కడి పెట్టెలో నాణెం వేస్తే దీపం కాసేపే వెలుగుతుంది. ముందు కళ్లను చీకటికి అలవాటు పడనిచ్చి, తర్వాత నాణెం వేయండి. చిల్లర యూరోలు, చిన్న బైనాక్యులర్ దగ్గరుంచుకోండి.

జూలై 2, ఆగస్టు 16న సియెనాలో పాలియో గుర్రప్పందెం. పందెం జరిగే చౌకు మధ్యలోకి ఒకసారి వెళ్తే పందెం ముగిసేదాకా బయటికి రావడం కష్టం. ఎండ, దాహం, మరుగుదొడ్డి సమస్య. పిల్లలతో, పెద్దవాళ్లతో అక్కడికి వెళ్లొద్దు.

పైన బస్సు దిగగానే తిరుగు బస్సుల పట్టిక ఫొటో తీసుకోండి. ‘ఫెరియాలే’ అంటే సోమవారం నుంచి శనివారం దాకా, ‘ఫెస్తీవో’ అంటే ఆదివారాలు, సెలవులు. ఆదివారం నాడు ఫెరియాలే వరుస చూసుకుని కూర్చుంటే ఆఖరి బస్సు తప్పిపోతుంది.