ఆల్చిప్పల పొరలో జీవజాలం: ఆశ్రయం పాలెంత, పోషకాల పాలెంత?

విశాఖపట్నం తీరంలో పోటుకు మునిగి పాటుకు తేలే రాళ్లమీద పచ్చ ఆల్చిప్పలు (పెర్నా విరిడిస్) బైసస్ దారాలతో (అవే స్రవించే గట్టి పోగులతో) రాతినీ, ఒకదానినొకటీ పట్టుకొని దట్టమైన పొరగా పెరుగుతాయి. ఆ సందుల్లో పాలీకీట్ పురుగులు (వలయాల శరీరమున్న సముద్రపు పురుగులు), చిన్న పీతలు, నత్తలు నివసిస్తాయి. వాటి సమృద్ధికి కారణం పొర కల్పించే ఆశ్రయమా, నీటిలోని పోషకాలా అని తేల్చదలచినవారు ఆ రెండింటినీ ఒకే చోట, ఒకే రోజున కొలవాలి.

అలల తాకిడి, వాలు, ఎత్తు దాదాపు సమానంగా ఉండి, పోషకాల్లో మాత్రమే తేడా ఉన్న రెండు చోట్లు ఎంచుకోండి. మురుగునీరు కలిసే చోటును తీసుకుంటే పోషకాలతోపాటు ఒండ్రు పెరుగుతుందనీ, ఉప్పదనం తగ్గుతుందనీ మరువరాదు. అమావాస్య, పున్నమి సమయాల్లో నీరు బాగా వెనక్కు తీసినప్పుడు పనిచేయడం మేలు. సముద్రానికి వీపు పెట్టి మాత్రం కూర్చోవద్దు.

నీటిని వడగట్టి, నైట్రేట్, అమ్మోనియం, ఫాస్ఫేట్ కొలతలకు ఆ నీటినీ, క్లోరోఫిల్ (శైవలాల మోతాదును సూచించే ఆకుపచ్చ పదార్థం) కొలతకు వడపోత కాగితాన్నీ మంచులో ఉంచి ప్రయోగశాలకు చేర్చండి. వర్షాకాలంలోనూ, వేసవిలోనూ విడివిడిగా సేకరించాలి. తరువాత ఒక్కో వైపు 25 సెంటీమీటర్లుండే చదరపు చట్రం పెట్టి, పొర మందాన్ని పలుచోట్ల కొలిచి, అందులోనిదంతా గీకి 0.5 మిల్లీమీటర్ల జల్లెడలో కడగండి. గీకిన చోట పొర మళ్లీ కమ్ముకోవడానికి చాలాకాలం పట్టవచ్చు కనుక అవసరానికి మించి ఒక్క చట్రం కూడా తీయకూడదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆల్చిప్పలు నీటిలోని సూక్ష్మ శైవలాలను వడగట్టి తిని, అమ్మోనియాన్నీ, మలాన్నీ విడుస్తాయి. అంటే ఆశ్రయమిచ్చే పొరే పోషకాలనూ అందిస్తుంది. అందువల్ల కొలతలు మాత్రమే చాలవు, ప్రయోగం కావాలి. రాళ్లమీద పలకలు బిగించి, కొన్ని పలకలకు ఖాళీ చిప్పలను మూసి అతికించండి, కొన్నింటిపై అదే సాంద్రతలో బతికున్న ఆల్చిప్పలను పెంచండి, కొన్నింటిని బోడిగా ఉంచండి. ప్రతి రకంలోనూ సగం పలకల పక్కన నెమ్మదిగా కరిగే ఎరువు సంచులు కట్టండి. బతికున్న ఆల్చిప్పల్లో చేరినన్ని జీవులు ఖాళీ చిప్పల్లోనూ చేరితే ఆశ్రయమే ప్రధానమని చెప్పవచ్చు. చిప్పలున్న చోట మాత్రమే ఎరువు ప్రభావం చూపితే రెండూ కలిసి పనిచేస్తున్నాయని అర్థం.

రాతిని అంటిపెట్టుకున్న జాతులనూ, పొర లోపలి జాతులనూ వేర్వేరుగా లెక్కించండి. అమెరికా వాయవ్య తీరంలో జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ 1963లో మొదలుపెట్టిన ప్రయోగంలో సముద్ర నక్షత్రాలను తొలగించగా ఆల్చిప్పలు రాతిని ఆక్రమించి, దానిపైనున్న ఇతర జాతులను నెట్టివేశాయి. కానీ అటువంటి పొర లోపల ఎన్నో చిన్న జీవులకు చోటు దొరుకుతుంది. మందమైన పొరలో స్థలమే ఎక్కువ కనుక, సంఖ్యలను చదరపు వైశాల్యానికే కాక పొర ఘనపరిమాణానికి కూడా లెక్కగట్టి పోల్చాలి.