బండి బ్యాటరీ పాఠాలు – 3: ఆల్టర్నేటర్ ఇచ్చింది బ్యాటరీకి చేరుతోందా?

గత పాఠంలో ఇంజను ఆపి రాత్రంతా వదిలేసిన బ్యాటరీ వోల్టేజి చూశాం. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు వంతే. ఈ పాఠం మొదలెట్టే ముందు మీ బ్యాటరీ కనీసం 12.4 చూపించాలి. లేదంటే బయటి చార్జరుతో ఎక్కించుకోండి. దిగిపోయిన బ్యాటరీతో కొలిస్తే లెక్కలన్నీ తప్పుతాయి, మంచి ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం) మీద అనవసరంగా నింద పడుతుంది.

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగితే బ్యాటరీ పోయిందనుకుంటారు చాలామంది. అది చెప్పేది చార్జింగ్‌లో తేడా గురించి. తాళం ఆన్ చేయగానే వెలగాలి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. ఆన్ చేసినప్పుడు అసలు వెలగకపోయినా అనుమానించాలి.

ఇప్పుడు మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. ప్రోబులు (మీటరు తీగల మొనలు) క్లాంపుల (తీగను పోస్టుకు పట్టి ఉంచే బిగింపుల) మీద కాకుండా బ్యాటరీ సీసం పోస్టుల మీదే ఆనించండి. లూజు కండువాలు, చేతి ఉంగరాలు తీసేయండి. ఫ్యాను, బెల్టు తిరుగుతుంటాయి.

పాత బళ్లలో ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.6 వరకు నిలకడగా వస్తుంది. కొత్త బళ్లతోనే తిరకాసు. వీటిలో చాలావాటికి ఎంత చార్జింగ్ ఇవ్వాలో ఇంజను కంప్యూటరే నిర్ణయిస్తుంది. స్టార్టు చేయగానే 14.5 చూపించి, కాసేపటికి 12.8కి దిగొచ్చు. డీజిలో పెట్రోలో ఆదా చేయడానికి ఆల్టర్నేటర్ మీద భారం తగ్గిస్తుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు మళ్లీ గట్టిగా చార్జ్ చేస్తుంది. అందుకోసం బ్యాటరీలో కాస్త ఖాళీ ఉంచుకుంటుంది కూడా. ఇది తెలియక 12.8 చూసి ఆల్టర్నేటర్ విప్పించేవాళ్లు ఉన్నారు. డబ్బు దండగ.

తేల్చుకోవడం ఎలా? హెడ్‌లైట్లు వేయండి, బ్లోవర్ ఫుల్లు పెట్టండి, వెనకద్దం హీటరు ఉంటే అదీ ఆన్ చేయండి. ఇంజనును 1500–2000 ఆర్‌పీఎం మీద పట్టి ఉంచండి. చాలా బళ్లలో వోల్టేజి 13.5 దాటుతుంది. అలా దాటితే ఆల్టర్నేటర్ బాగానే ఉన్నట్టు. దాటకపోగా 12.3, 12.2 అంటూ జారిపోతుంటే చార్జింగ్ లేదు: బెల్టు, ఆల్టర్నేటర్ కనెక్టరు, మెయిన్ ఫ్యూజు చూడాలి. ఎప్పుడూ 15 పైనే ఉంటే రెగ్యులేటర్ (వోల్టేజిని హద్దులో ఉంచే భాగం) అదుపు తప్పినట్టే, ఆ బండి నడపొద్దు.

అసలు పాఠం ఇక్కడుంది. ఆల్టర్నేటర్ దగ్గర 14.3 వస్తున్నా బ్యాటరీ దగ్గర 13.5 మాత్రమే కనిపిస్తే ఆ 0.8 దారిలో ఎక్కడో పోతోంది. 40 ఆంపియర్లు పారే తీగలో 0.02 ఓము అడ్డు చాలు, 0.8 వోల్టు మింగేయడానికి. ఓము మీటరుతో ఇంత చిన్న అడ్డు దొరకదు. కరెంటు పారుతుండగానే కొలవాలి.

లైట్లు, బ్లోవర్ అలాగే ఉంచి, ఎర్ర ప్రోబు ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించిన బోల్టు మీద, నల్లది బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టండి. 0.3 దాటకూడదు. తర్వాత ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ మధ్య కొలవండి. 0.2 దాటకూడదు. దాటితే పోస్టు, క్లాంపు, తీగ చివరి లగ్గు (బోల్టు దూరే లోహపు కొస), ఫ్యూజు బాక్సు అంటూ ఒక్కో జాయింటు దాటి చూస్తూ పోండి. అంకె ఎక్కడ గంతు వేస్తే రోగం అక్కడే.

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు సముద్రం పక్కన నిలిపే బళ్లకు ఎర్తు వైపే (నెగటివ్ తీగ, బండి బాడీ వైపు) ఎక్కువ అనుమానించండి. ఉప్పుగాలికి ఇంజనుకూ బాడీకీ మధ్య ఎర్తు పట్టీ బోల్టు కింద తుప్పు పడుతుంది. పైకి బోల్టు బిగుతుగానే ఉంటుంది. లగ్గు పక్కన తొడుగు కొద్దిగా జరిపి చూడండి: రాగి తీగలు ఆకుపచ్చగా పొడిపొడిగా ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, మార్చాలి.

టెర్మినల్ (బ్యాటరీ పోస్టు) మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే ఇంజను ఆపి, 10 నంబరు పానాతో ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. గ్లాసు వేడినీళ్లలో చెంచా వంట సోడా కలిపి పాత బ్రష్షుతో తోమండి. చుక్క కూడా సెల్లులోకి పోకూడదు. ఆరాక ఎమెరీ కాగితంతో రుద్ది, పాజిటివ్ ముందు బిగించి, పైన వాజిలిన్ రాయండి.

నెగటివ్ క్లాంపు మీద సన్నటి తీగలున్న చిన్న ప్లాస్టిక్ దిమ్మ కనిపిస్తే అది బ్యాటరీ సెన్సార్. దాని మీద నీళ్లు పోయొద్దు, క్లాంపును సుత్తితో కొట్టొద్దు. బ్యాటరీలోకి ఎంత వెళ్లింది, ఎంత వచ్చింది అనే లెక్క అదే రాస్తుంది. యాంప్లిఫయరో, అదనపు హారనో బిగించేటప్పుడు ఎర్తు నేరుగా నెగటివ్ పోస్టుకు కలిపితే ఆ వాడకం లెక్కలోకి రాదు. బ్యాటరీ నిండుగా ఉందనుకుని కంప్యూటర్ చార్జింగ్ తగ్గించేస్తుంది. కొత్త బ్యాటరీ కూడా తరచూ దిగిపోయే బళ్లలో ఈ తప్పు ఉందేమో చూడాలి. ఎర్తు బాడీకి కలపాలి. జంపర్ కేబుల్, చార్జరు నల్ల క్లిప్పు కూడా అంతే.

విజయనగరం ఊళ్లోనే కోట నుంచి స్టేషన్‌కీ బడికీ తిరిగే బండికి అన్ని రీడింగులూ సరిగ్గా ఉన్నా బ్యాటరీ నిండకపోవచ్చు. వారానికోసారి హైవే మీద గంటసేపు నడపండి, లేదా చార్జరు పెట్టండి.

అభ్యాసం: లోడు లేకుండా, లోడుతో, పాజిటివ్ వైపు, ఎర్తు వైపు వచ్చిన నాలుగు అంకెలూ తేదీ వేసి రాసిపెట్టుకోండి. నాలుగూ సరిగ్గా ఉండి కూడా రెండు మూడు రోజులు నిలిపితే బండి సెల్ఫ్ తీసుకోకపోతే, ఆపేసిన బండిలో ఏదో కరెంటు తాగుతుండొచ్చు. వచ్చే పాఠం దాని గురించే. 10 ఆంపియర్ల సాకెట్ ఉన్న మీటరు సిద్ధం చేసుకోండి.