పర్లాకిమిడి తొమ్మిదో తరగతికి కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ పాఠం చెప్పడం ఎలా?

కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అంటే నాజీల బారి నుంచి పిల్లల్ని తప్పించి బ్రిటన్ పంపిన ఏర్పాటు. ముందు మన గుమ్మం మీది స్వస్తిక్, నాజీల గుర్తు ఒకటి కాదన్న సంగతి తేల్చండి. లేదంటే పిల్లల ధ్యాస అక్కడే చిక్కుకుంటుంది.

బల్లమీద చిన్న పెట్టె, దారం కట్టిన నంబరు అట్టముక్క పెట్టండి. 1938 డిసెంబరు నుంచి 1939 సెప్టెంబరు దాకా సుమారు 10,000 మంది పిల్లలు, ఎక్కువగా యూదులు, ఇలా బ్రిటన్ చేరారు. చేతిలో 10 మార్కులే (అప్పటి జర్మనీ డబ్బు). అమ్మానాన్నలు వెనకే ఉండిపోయారు.

నాటకం వేయించకండి: ఒకడు నవ్వుతాడు, ఇంకొకరు ఏడుస్తారు, పాఠం పోతుంది. శవాల ఫొటోలూ వద్దు.

ఎక్కువసేపు తర్వాతి బతుకు చెప్పండి. యుద్ధకాలంలో రెడ్‌క్రాస్ ద్వారా 25 మాటల ఉత్తరమే దిక్కు; బోర్డు మీద 25 మాటలు రాసి, ఎంత తక్కువో చూపండి. చాలామందికి అవీ ఆగిపోయాయి. చిన్నవాళ్లు కొందరు జర్మన్ మరిచిపోయారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మన పిల్లలకు ఈ ముక్క ఇట్టే అందుతుంది. నాజీల మారణకాండలో హత్యకు గురైన యూదు పిల్లలు దాదాపు 15 లక్షలన్న లెక్క గంట కొట్టకముందే చెప్పండి, ప్రశ్నలకు పది నిమిషాలు మిగలాలి.