జావా వాళ్లు వస్తున్నారు, ఫోన్ వాళ్లు ఆగిపోతున్నారు: మైన్‌క్రాఫ్ట్ క్రాస్‌ప్లే సర్వర్‌లో సమస్యలు - పరిష్కారాలు

పేపర్ (జావా సర్వర్ సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో గీజర్ (బెడ్‌రాక్ ఆటను జావా సర్వర్‌కు అర్థమయ్యేలా మార్చేది), ఫ్లడ్‌గేట్ ప్లగిన్లు వేసి, కంప్యూటర్‌లో జావా ఎడిషన్ ఆడేవాళ్లనీ ఫోన్‌లో బెడ్‌రాక్ ఆడేవాళ్లనీ ఒకేచోట కలిపేవాళ్ల కోసం ఇది. ఏది కలవకపోయినా నెట్‌లో ముందుగా దొరికే సలహా ఒకటే: సర్వర్ సెట్టింగుల్లో ఆన్‌లైన్-మోడ్ ఫాల్స్ చేసెయ్యండి అని. చెయ్యకండి. ఆ ఒక్క లైను మారిస్తే జావా వైపు అకౌంట్ తనిఖీ పోతుంది, దాంతోపాటే ఎన్‌క్రిప్షన్ కూడా పోతుంది. మీ అడ్మిన్ పేరు తెలిసిన ఎవడైనా అదే పేరుతో దూరి ఓపీ (అడ్మిన్ అధికారాల) కమాండ్లు కొట్టుకోవచ్చు. జావా అకౌంట్ లేనివాళ్లను రానివ్వడానికే కదా ఫ్లడ్‌గేట్ ఉన్నది! గీజర్ కాన్ఫిగ్‌లో ఆథ్-టైప్ దగ్గర ఫ్లడ్‌గేట్ అని పెడితే సరి. ఫోన్ వాళ్ల తనిఖీ ఎక్స్‌బాక్స్ లైవ్ లాగిన్ ద్వారా జరిగిపోతుంది.

జావాలో కలుస్తోంది, ఫోన్‌లో "అనేబుల్ టు కనెక్ట్ టు వరల్డ్" అంటోంది

నూటికి తొంభై పాళ్లు పోర్ట్ (సర్వర్‌లోకి వచ్చే దారి నంబరు) గొడవే. టీసీపీ, యూడీపీ అనేవి డేటా పంపే రెండు వేర్వేరు పద్ధతులు. జావాకు 25565 టీసీపీ, బెడ్‌రాక్‌కు 19132 యూడీపీ. రెండో రూల్ కూడా అలవాటుగా టీసీపీ అనే పెట్టేస్తారు. రూటర్ పోర్ట్ ఫార్వర్డింగ్, సర్వర్ సొంత ఫైర్‌వాల్, వీపీఎస్ (నెట్‌లో అద్దెకు తీసుకునే సర్వర్) అయితే ఆ కంపెనీ ప్యానెల్‌లో విడిగా ఉండే ఫైర్‌వాల్ - ఇవన్నీ చూడండి. చాలామంది మర్చిపోయేది ఆ చివరిదాన్నే. తర్వాత కన్సోల్‌లో గీజర్ కనెక్షన్‌టెస్ట్ కమాండ్‌కు మీ ఐపీ, పోర్ట్ ఇచ్చి కొడితే బయటి నుంచి కనిపిస్తోందో లేదో చెప్పేస్తుంది.

హోస్టింగ్ వాళ్లు ఒకే పోర్ట్ ఇచ్చారా? ఆ నంబరు మీదే యూడీపీని కూడా అనుమతిస్తుంటే గీజర్ కాన్ఫిగ్‌లో క్లోన్-రిమోట్-పోర్ట్ ట్రూ చేయండి. టీసీపీ, యూడీపీ ఒకే నంబరు మీద కొట్టుకోవు. డొమైన్‌కు ఎస్‌ఆర్‌వీ రికార్డు (పోర్ట్ నంబరును డొమైనే చెప్పేసే ఏర్పాటు) పెట్టి ఉంటే అది జావాకే పనికొస్తుంది, బెడ్‌రాక్ వాళ్లు పోర్ట్ టైప్ చేయాల్సిందే. పనిలో పనిగా ఆర్‌కాన్ (సర్వర్‌కు దూరం నుంచి కమాండ్లు ఇచ్చే సౌకర్యం) పోర్ట్ 25575 బయటికి తెరిచి ఉంటే మూసేయండి. అందులో పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది.

ఇంట్లో వైఫైలో కలుస్తోంది, బయటివాళ్లకు కలవట్లేదు

రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ రూటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు. మన దగ్గర ఇంటి ఫైబర్ కనెక్షన్లలో ఇది మామూలే. రూటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా లాభం లేదు. ఇక డీఎంజెడ్ (బయటి నుంచి వచ్చేదంతా ఒకే కంప్యూటర్‌కు పంపే రూటర్ సెట్టింగు) ఆన్ చేయడమంటారా, సీజీనాట్ తొలగిన రోజున మీ కంప్యూటర్ మొత్తం బయటపడుతుంది, అంతే. నెట్ కంపెనీని పబ్లిక్ స్టాటిక్ ఐపీ అడగండి. ఇవ్వకపోతే చిన్న వీపీఎస్ తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో ఇంటి సర్వర్‌కు కలపండి. అలా కలిపినప్పుడు అందరూ ఒకే ఐపీతో కనిపించే అవకాశముంది. ఆ స్థితిలో ఒకడిని ఐపీతో బ్యాన్ చేస్తే ఊరంతా బయటే.

వెలాసిటీ ప్రాక్సీ పెట్టాక "అనేబుల్ టు వెరిఫై ప్లేయర్ డీటెయిల్స్" వస్తోంది

వెలాసిటీ అంటే ఆటగాళ్లను ముందు తాను అందుకుని వెనక ఉన్న సర్వర్‌కు పంపే ప్రాక్సీ. ఈ మెసేజ్ వస్తే రహస్య కీ ప్రాక్సీలో, వెనక సర్వర్‌లో ఒకటి కాదన్నమాట. వెలాసిటీలో ఫార్వర్డింగ్ మోడ్ మోడర్న్ అని ఉండాలి. దాని ఫార్వర్డింగ్ డాట్ సీక్రెట్ ఫైల్లోని అక్షరాలు పేపర్ గ్లోబల్ కాన్ఫిగ్‌లోని వెలాసిటీ విభాగంలో యథాతథంగా పడాలి. కాపీ చేసేటప్పుడు చివర ఒక్క స్పేస్ చేరినా ఇదే మెసేజ్.

ఆన్‌లైన్-మోడ్ ఫాల్స్ పెట్టడానికి సరైన చోటు ఇదొక్కటే: ప్రాక్సీలో ట్రూ, వెనక సర్వర్‌లో ఫాల్స్. అందుకే వెనక సర్వర్ బయటికి కనపడకూడదు. ప్రాక్సీ అదే మెషీన్‌లో ఉంటే సర్వర్-ఐపీ దగ్గర 127.0.0.1 రాయండి, వేరే మెషీన్ అయితే ఆ ప్రాక్సీ ఐపీని మాత్రమే ఫైర్‌వాల్‌లో అనుమతించండి. తర్వాత బయటి నుంచి వెనక సర్వర్‌కు నేరుగా కలిసి చూడండి. లాగిన్ స్క్రీన్ దాకా కూడా వెళ్లకూడదు.

గీజర్ ప్రాక్సీలో ఉంటే చాలు, వెనక వద్దు. వెనక కూడా ఫ్లడ్‌గేట్ కావాలంటే ప్రాక్సీలో సెండ్-ఫ్లడ్‌గేట్-డేటా ట్రూ చేసి, కీ డాట్ పెమ్ ఫైలును (ఫ్లడ్‌గేట్ రహస్య కీ) అన్ని సర్వర్లకూ కాపీ చేయండి. ఎఫ్‌టీపీలో బైనరీ మోడ్‌లోనే పంపండి, టెక్స్ట్ మోడ్‌లో ఆ ఫైలు పాడవుతుంది. ఈ కీ ఎవరి చేతికైనా చిక్కితే వాళ్లు ఏ పేరుతోనైనా లోపలికి రాగలరు. సాయం అడుగుతూ ఫోల్డర్ మొత్తం జిప్ చేసి డిస్కార్డ్‌లో పడేసేవాళ్లున్నారు! అలా పొరపాటున బయటికెళ్తే ఫైలు తీసేసి రీస్టార్ట్ చేయండి, కొత్తది తయారవుతుంది. దాన్ని మళ్లీ అన్నిచోట్లా పెట్టాలి.

వైట్‌లిస్ట్‌లో ఉన్నా ఫోన్ వాళ్లను గెంటేస్తోంది

వైట్‌లిస్ట్ అంటే లోపలికి అనుమతి ఉన్నవాళ్ల జాబితా. మామూలు వైట్‌లిస్ట్ కమాండ్ జావా అకౌంట్లలోనే వెతుకుతుంది. ఫ్లడ్‌గేట్ ఇచ్చే ఎఫ్‌వైట్‌లిస్ట్ యాడ్ కమాండ్‌తో గేమర్‌ట్యాగ్ (ఎక్స్‌బాక్స్ పేరు) చేర్చండి. ఫోన్ వాళ్ల పేరు ముందు కనిపించే చుక్క ఫ్లడ్‌గేట్ పెట్టేదే. దాన్ని తీసేస్తే అదే పేరున్న జావా ఆటగాడితో తికమక అవుతుంది, ఉండనివ్వండి.

పబ్లిక్ కీ లేదంటూ లోపలికి రానివ్వట్లేదు

బెడ్‌రాక్ వాళ్లు చాట్‌కు జావా తరహా సంతకం చేయలేరు. సర్వర్ సెట్టింగుల్లో ఎన్‌ఫోర్స్-సెక్యూర్-ప్రొఫైల్ ఫాల్స్ చేయండి. ఇది చాట్ సంతకాలకు సంబంధించినదే, లాగిన్ తనిఖీ చెక్కుచెదరదు.

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ "అవుట్‌డేటెడ్ గీజర్ ప్రాక్సీ"

ఫోన్‌లో ఆట తనంతట తాను అప్‌డేట్ అయింది, మీ గీజర్ కాలేదు. అధికారిక సైటు నుంచి కొత్త జార్ తెచ్చి ప్లగిన్స్ ఫోల్డర్‌లో పాతదాని స్థానంలో పెట్టి రీస్టార్ట్ చేయండి. పేపర్ పాత వెర్షన్ అయితే వయావెర్షన్ (వేర్వేరు వెర్షన్లను కలిపే ప్లగిన్) కూడా కావాలి.