వైరస్ జన్యుఖండాలు తారుమారయ్యాయో లేదో నిర్ధారించే పద్ధతి

ప్రధానంగా దోమల ద్వారా వ్యాపించే బున్యాంవేరా వర్గపు వైరస్‌ల జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ ఒకే పోగుగా కాక ఎల్, ఎం, ఎస్ అనే మూడు ఖండాలుగా ఉంటుంది. దోమలోనో పశువులోనో ఒకే కణంలోకి రెండు దగ్గరి వైరస్‌లు చేరితే, అక్కడ పుట్టే కొత్త వైరస్ కొన్ని ఖండాలను ఒకదాని నుంచి, మిగిలినవాటిని రెండోదాని నుంచి పొందవచ్చు. ఈ ఖండాల తారుమారునే రీఅసార్ట్‌మెంట్ అంటారు. దీనిని గుర్తించాలంటే మూడు ఖండాలనూ విడివిడిగా చదవడం తప్పనిసరి.

దీనికి ఎన్‌గరి వైరస్‌ను మించిన పాఠం లేదు. 1997-98లో తూర్పు ఆఫ్రికాలో భారీ వర్షాల తరువాత రిఫ్ట్ వ్యాలీ జ్వరం ప్రబలినప్పుడు, కెన్యా, సొమాలియాలలో రక్తస్రావ జ్వరం సోకిన కొందరిలో వేరొక వైరస్ బయటపడింది. దాని ఎల్, ఎస్ ఖండాలు బున్యాంవేరాకు చెందినవి. ఎం ఖండం మాత్రం బటాయి వైరస్‌ది. ఆ బటాయికి అతి దగ్గరి బంధువును 1957లోనే మన చిత్తూరు జిల్లా దోమలలో కనుగొని చిత్తూరు వైరస్ అని పేరు పెట్టారు.

ముందుగా మూడు ఖండాల జన్యుక్రమాలూ ఒకే నమూనా నుంచి వచ్చినవేనని, సేకరించిన చోటు, సంవత్సరం, ఆతిథేయి (వైరస్ దొరికిన దోమ, పశువు లేదా మనిషి) వివరాలు సరిపోతున్నాయని రూఢి చేసుకోవాలి. ఆ తరువాత ఒక్కో ఖండంలో ప్రోటీన్‌ను సంకేతించే భాగాన్ని తీసుకుని, అవే నమూనాలతో మూడు వంశవృక్షాలను వేరువేరుగా నిర్మించాలి. ఖండాలను కలిపి ఒకే వృక్షం గీయకూడదు, ఎందుకంటే మనం వెతుకుతున్న వైరుధ్యమే అందులో కనుమరుగవుతుంది.

ఒక నమూనా ఒక వృక్షంలో ఒక శాఖలోను, మరో వృక్షంలో వేరే శాఖలోను కనిపించి, రెండు చోట్లా బూట్‌స్ట్రాప్ మద్దతు (డేటాను పదేపదే మళ్లీ నమూనా తీసి చూసినా అదే శాఖ ఎంత తరచుగా వస్తుందో చెప్పే కొలత) బలంగా ఉంటేనే దానిని సాక్ష్యంగా తీసుకోవాలి. బున్యాంవేరా ఎల్ ఖండంలో 6,875 జన్యు అక్షరాలు (న్యూక్లియోటైడ్‌లు) ఉండగా ఎస్ ఖండంలో ఉన్నవి 961 మాత్రమే కనుక, ఎస్ వృక్షంలోని బలహీనమైన శాఖలను నమ్మి నిర్ణయానికి రావద్దు. ఎం ఖండపు శాఖ పొడవుగా ఉండటం కూడా రుజువు కాదు. ఈ ఖండం సంకేతించే ఉపరితల ప్రోటీన్లపై యాంటీబాడీల ఒత్తిడి వల్ల ఆ ఖండం వేగంగా మారి ఉండవచ్చు.

అసలు చిక్కు మిశ్రమ సంక్రమణతో వస్తుంది. రెండు వైరస్‌లు కలిసి ఉన్న నమూనా కూడా అచ్చంగా రీఅసార్ట్‌మెంట్‌లాగే కనిపిస్తుంది. అందువల్ల ముడి సీక్వెన్సింగ్ (జన్యుక్రమాన్ని చదివిన) డేటాలో ఒకే ఖండానికి రెండు రూపాలు ఉన్నాయేమో చూడాలి. వీలైతే ప్లాక్ పద్ధతిలో (కణాల పొరపై ఒక్కో వైరస్ నుంచి ఏర్పడిన మచ్చను విడిగా తీసి పెంచుతూ) వైరస్‌ను పలుమార్లు శుద్ధి చేసి మళ్లీ సీక్వెన్స్ చేయాలి.

పూర్తి సీక్వెన్సింగ్ అన్ని నమూనాలకూ సాధ్యం కానిచోట సీరాలజీ, అంటే యాంటీబాడీల ఆధారంగా చేసే పరీక్షలు, దారి చూపుతుంది. యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకుంటాయో లేదో చూసే తటస్థీకరణ పరీక్ష ఎం ఖండపు ప్రోటీన్లను గుర్తిస్తుంది. జన్యుపదార్థాన్ని పెంచి గుర్తించే పీసీఆర్ పరీక్ష తరచుగా ఎస్ ఖండాన్ని వెతుకుతుంది. ఒకటి బటాయి అని, మరొకటి బున్యాంవేరా అని చెబితే, ఏదో ఒక ఫలితాన్ని తప్పుగా కొట్టివేయక, ఆ నమూనానే ముందుగా మూడు ఖండాల సీక్వెన్సింగ్‌కు పంపాలి.