నెల మధ్యలోనే నెట్ పడుకుంటోందా? ముందు అప్‌లోడ్ అంకె చూడండి

"ఏవయ్యా, మీ నెట్టు మళ్లీ పడుకుంది." ఇరవయ్యో తారీఖు దాటితే మా ఆఫీసు ఫోనుకి వచ్చే కాల్స్‌లో ఎక్కువ ఇవే. విజయవాడలో కేబుల్ నెట్ పని పన్నెండేళ్లుగా చేస్తున్నాను. పటమట, మొగల్రాజపురం, సత్యనారాయణపురం, గొల్లపూడి, అప్పుడప్పుడు గుంటూరు బ్రాడీపేట దాకా వెళ్లి ఇవే చూసి వస్తుంటాను. రౌటర్ ఆపి మళ్లీ వేయడం, వైఫై పాస్‌వర్డ్ మార్చడం, స్పీడ్ టెస్ట్ పెట్టడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను. రానిదల్లా నెల వాడకం ఎంతయిందో చూసుకోవడం. ఒక్కరూ చూడరు. బండి ఆగిపోతే పెట్రోలు ముల్లు చూడకుండా మెకానిక్‌ని పిలిచినట్టే ఉంటుంది.

సమస్య: రోజూ బాగా వచ్చే నెట్ ఒక్కసారిగా నత్తలా మారింది

ముందు ఇది లైను లోపమా, డేటా అయిపోయిందా తేల్చాలి. బాక్స్ మీద ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ ఎక్కడో తెగింది. మాకు ఫోను చేయండి, మీరు చేసేదేమీ లేదు. లైట్లన్నీ పచ్చగా ఉంటే స్పీడ్ టెస్ట్ మూడుసార్లు పెట్టండి, వీలైతే వైఫైలో కాకుండా వైరు గుచ్చి. అంకె ఒకసారి 40, ఒకసారి 7, ఒకసారి 22 అని ఊగుతుంటే లైనులోనో వైఫైలోనో తేడా ఉంది. మూడుసార్లూ గీత గీసినట్టు 2 ఎంబీపీఎస్ లాంటి ఒకే చిన్న అంకె దగ్గరే నిలబడితే మాత్రం మీ కోటా, అంటే ప్లాన్‌లో ఆ నెలకిచ్చిన డేటా, అయిపోయి ఉంటుంది. కోటా దాటితే స్పీడు తగ్గించే ఆ పద్ధతిని ఎఫ్‌యూపీ (ఫెయిర్ యూసేజ్ పాలసీ) అంటారు. రౌటర్ నూరుసార్లు ఆపి మళ్లీ వేసినా కదలదు, ఎందుకంటే స్పీడు తగ్గించింది మీ ఇంట్లో కాదు, కంపెనీ సర్వర్లో.

"అన్‌లిమిటెడ్ అన్నారు కదా!" అంటారు. అన్నారు. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి ఆ అన్‌లిమిటెడ్ 3300 జీబీ దగ్గర ఆగుతుంది. వైరు లేకుండా డాబా మీద డబ్బా పెట్టి ఇచ్చే కనెక్షన్లలో సాధారణంగా 1000 జీబీ. చిన్న ఆపరేటర్ల చవక ప్లాన్లలో ఇంకా తక్కువ. ఆ గీత దాటాక నెట్ ఆగదు, స్పీడు పడిపోతుంది. మళ్లీ స్పీడు కావాలంటే టాప్-అప్ కొనాలి. పాత బ్రాడ్‌బ్యాండ్ రోజుల్లో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా లెక్క ఉండదని బీఎస్ఎన్ఎల్ 500 రూపాయల ప్లాన్ వాళ్లు అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్లు పెట్టేవాళ్లు. ఇప్పటి పిల్లలు నమ్మరు.

పరిష్కారం: కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో వాడకం పేజీ తెరవండి. ఎంత వాడారు, ఎంత మిగిలింది, ఏ రోజు నుంచి లెక్క, ఈ మూడూ చూడండి. లెక్క చాలా ప్లాన్లలో ఒకటో తారీఖున మొదలవదు, మీరు రీఛార్జి చేసిన రోజున మొదలవుతుంది. "నెల మొదట్లోనే అయిపోయింది" అని గొడవకు వచ్చినవాళ్లలో కొందరికి అది వాళ్ల లెక్కలో చివరి రోజని నేనే చూపించాను.

సమస్య: కోటా అయిపోతోందని ముందుగా మెసేజ్ కూడా రాలేదు

వచ్చే ఉంటుంది, మీకు కాదు. వాడకం 50 శాతం, 90 శాతం, 100 శాతానికి చేరినప్పుడల్లా కస్టమర్‌కి తెలియజేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. ఆ మెసేజ్ వెళ్లేది కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరుకి. ఆ నంబరు పెద్దబ్బాయి పాత సిమ్ అయ్యుంటుంది, అతనేమో అమెరికాలో. లేదా మీకన్నా ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లది. నంబరు మార్పించుకోండి, ఐదు నిమిషాల పని.

సమస్య: ఇంట్లో ఇద్దరమే, సినిమాలు కూడా చూడం, అయినా వెయ్యి జీబీ అయిపోతోంది

ఇదుగో, ఇక్కడే నేను బోల్తా పడ్డాను.

పటమటలో ఒక మామ్మగారు. తాతగారు పోయాక ఒక్కరే ఉంటున్నారు. టీవీలో సీరియళ్లు కేబుల్ మీదే చూస్తారు, నెట్‌తో పనల్లా కొడుకుతో వాట్సాప్ వీడియో కాల్. ప్లాన్ వెయ్యి జీబీ. నెల నెలా ఇరవై మూడో రోజుకల్లా ఖాళీ. మొదటిసారి వెళ్లినప్పుడు నేను నవ్వి, "ఎవరో మీ వైఫై వాడేసుకుంటున్నారు మామ్మగారూ" అన్నాను. పైపోర్షన్‌లో గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాడు ఉన్నాడు. అనుమానం అతని మీదికి పోయింది. పాస్‌వర్డ్ మార్చాను. మర్నాటి నుంచి వాడకం రోజుకు ఒకటి రెండు జీబీలకు పడిపోయింది. ఇంకేం కావాలి? దొంగ దొరికాడనుకున్నాం. మామ్మగారు ఆ కుర్రాడితో మాటలు మానేశారు.

తొమ్మిది రోజుల తర్వాత వాడకం మళ్లీ ఎగిసింది. ఈసారి బాక్స్ మార్చాను. తగ్గలేదు. మీటరు తప్పేమోనని మా ఆఫీసులోనే గొడవపడ్డాను. చివరికి రోజువారీ చిట్టా తీయించి చూస్తే అప్‌లోడ్ గడి కంటపడింది. డౌన్‌లోడ్ కన్నా ఇరవై రెట్లు. అదీ రాత్రి ఏడున్నర నుంచి ఉదయం ఏడున్నర దాకా. ఒంటరిగా ఉండే పెద్దావిడ రాత్రంతా బయటికి ఏం పంపుతుంది?

తలెత్తి చూస్తే గుమ్మం మీద కెమెరా. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పెరట్లో ఒకటి. నాలుగూ వైఫై కెమెరాలు, కొడుకు పెట్టించినవి. అతను డాలస్‌లో ఉంటాడు. మనకు రాత్రి ఏడున్నర అంటే వేసవిలో అక్కడ ఉదయం తొమ్మిది. ఆఫీసు బల్ల మీద ట్యాబ్ నిలబెట్టి, నాలుగు కెమెరాలూ తెరిచి పెట్టుకుని పని చేసుకునేవాడు. నేను పాస్‌వర్డ్ మార్చగానే కెమెరాలు తెగిపోయాయి, అందుకే వాడకం తగ్గింది. దసరాకి వచ్చిన మనవడు కొత్త పాస్‌వర్డ్ కొట్టి వాటిని మళ్లీ కలిపాడు. నేను పట్టుకున్న దొంగ కథ అంతే. పైకి వెళ్లి ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పుకున్నాను. మామ్మగారు గారెలు పంపారు.

కారణం లెక్కలో చూడండి. కెమెరా పూర్తి క్వాలిటీలో, అంటే మెయిన్ స్ట్రీమ్‌లో, ఒక్కొక్కటి సుమారు 2 ఎంబీపీఎస్ పంపుతుంది. నాలుగు కలిపి 8, అంటే సెకనుకు 8 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు ఒక ఎంబీ, గంటకు 3.6 జీబీ, పన్నెండు గంటలకు 43 జీబీ. వెయ్యి జీబీలు ఇరవై మూడు రోజులకు సరి. కంపెనీ లెక్కలో డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ కూడా కలుస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. అందరూ "ఏం చూశాం?" అని ఆలోచిస్తారు, "ఏం పంపాం?" అని ఆలోచించరు. పైగా స్పీడ్ టెస్ట్‌లో ఇది కనపడదు. వంద ఎంబీపీఎస్ లైనులో 8 పోయినా ఎవరికీ తెలియదు.

మీ ఇంట్లోనూ ఇదేనా అని తేల్చుకోవడానికి నన్ను పిలవక్కర్లేదు. రాత్రి పడుకునేముందు రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. చాలా రౌటర్లలో లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఉదయం లేవగానే, ఎవరూ ఫోను ముట్టుకోకముందే, వైఫై పాస్‌వర్డ్ మార్చే రౌటర్ పేజీలో పంపినది, అందుకున్నది అని ఉండే రెండు అంకెలు చూడండి. అందరూ నిద్రపోయిన ఇంట్లో పంపినది ముప్పై జీబీ ఉంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. మీ రౌటర్‌లో ఆ పేజీ లేకపోతే కెమెరాల ప్లగ్గులు రెండు రోజులు తీసేసి కంపెనీ యాప్‌లో వాడకం చూడండి.

పరిష్కారం చెప్పేటప్పుడు ఒక మాట. "కెమెరాలు చూడొద్దని మీవాడికి చెప్పండి" అనడం తేలిక. ఆ కొడుక్కి ఫోను చేస్తే, "అమ్మ రాత్రి బాత్రూంకి లేచినప్పుడు పడిపోతుందేమోనని భయం అన్నా" అన్నాడు. అలాంటివాడికి చూడొద్దని ఎలా చెప్తాం? చూసే పద్ధతి మార్చాం. యాప్‌లో హెచ్‌డీ నుంచి ఎస్‌డీకి, అంటే సబ్ స్ట్రీమ్‌కి మార్చాడు. ఒక్కో కెమెరా 300 కేబీపీఎస్, అంటే 0.3 ఎంబీపీఎస్, దగ్గరికి వచ్చింది. నాలుగూ పన్నెండు గంటలు తెరిచి ఉంచినా రోజుకు ఆరున్నర జీబీ, నెలకు రెండు వందల లోపు. మనిషి కదిలితే ఫోనుకి అలర్ట్ వచ్చేలా పెట్టాం. రికార్డింగ్ క్లౌడ్‌కి, అంటే బయటి సర్వర్‌కి, పోకుండా కెమెరాలోనే మెమరీ కార్డు వేశాం. పెరటి కెమెరా నాలుగు జామచెట్లకు తప్ప ఎవరికీ పనికిరాదు, దాన్ని లైవ్‌లోంచి తీసేశాడు.

ఒక సందేహం ఎప్పుడూ వస్తుంది: ఇంట్లో టీవీకి డీవీఆర్, అంటే కెమెరాల రికార్డింగ్ డబ్బా, కలిపి చూస్తే డేటా పోతుందా? పోదు, అది ఇంటి లోపలి వైరే. కెమెరా రికార్డు చేసుకున్నా పోదు. బయట ఉన్నవాళ్లు చూసినప్పుడూ, క్లౌడ్‌లో దాచినప్పుడూ పోతుంది. ఇంట్లోనే ఉండి ఫోనులో చూస్తే కెమెరాని బట్టి ఉంటుంది, కొన్ని తిన్నగా ఫోనుకి ఇస్తాయి, కొన్ని బయటి సర్వర్ చుట్టూ తిరిగి వస్తాయి.

అమెరికాలో పిల్లలున్న ఇల్లు మన బెజవాడలో, గుంటూరులో వీధికి రెండైనా ఉంటుంది. అందుకే కంప్లయింట్ రాగానే ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న "కెమెరాలున్నాయా అండీ?"

సమస్య: కెమెరాలు లేవు, డౌన్‌లోడే ఎక్కువ చూపిస్తోంది

ఎక్కువసార్లు కారణం టీవీ కట్టేసి, దాని వెనక గుచ్చిన నెట్ స్టిక్ కట్టేయకపోవడం. రిమోట్‌తో టీవీ ఆపుతారు, ఆ స్టిక్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది, దాంట్లో యూట్యూబ్ న్యూస్ లైవ్ రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీ గంటకు 3 జీబీ దాకా, 4కే అయితే 7 జీబీ దాకా. యాప్‌లోంచి హోమ్ బటన్ నొక్కి బయటికొచ్చి ఆపండి, లేకపోతే స్విచ్ బోర్డు దగ్గరే ఆపండి. ఆటోప్లే తీసేయండి. 32 అంగుళాల టీవీకి 4కే పెట్టుకుని ఎందుకు చూస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పిల్లాడు గేములు ఆడేవాడైతే అప్‌డేట్లు చూడండి, కొన్ని ఒక్కొక్కటి వంద జీబీ దాకా ఉంటాయి. కొత్త ఫోను కొన్న నెలలో ఫోటోల బ్యాకప్ తినేస్తుంది, ఆ ఒక్క నెలే.

సమస్య: అన్నీ చూశాం, లెక్కే తప్పని అనుమానం

అరుదు, కానీ అసలు జరగదని అనను. మూడు రోజులు ఉదయం అదే టైముకి రౌటర్ అంకె, కంపెనీ అంకె పక్కపక్కన రాసుకోండి, మధ్యలో రౌటర్ ఆపకండి. కాస్త తేడా మామూలే. రెట్టింపు ఉంటే ఆ కాగితం పట్టుకుని కస్టమర్ కేర్‌కి చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోండి. నోటిమాటగా లైన్‌మ్యాన్‌తో చెప్పిన కంప్లయింట్ కంప్లయింట్ కాదు, నాతో చెప్పినా సరే. వాళ్లు తేల్చకపోతే అదే కంపెనీలో అప్పీలు చేసుకునే అధికారి ఉంటారు. ఆ అప్పీలు 30 రోజుల్లోగా చేసుకోవాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. ఇంకొకటి గుర్తుంచుకోండి, కోటా అయ్యాక కూడా స్పీడు 512 కేబీపీఎస్ కన్నా తగ్గించకూడదని అదే 2016 ఆదేశంలో ఉంది. అంతకన్నా కిందికి పోతే అది ఎఫ్‌యూపీ కాదు, లోపం. అలాగే రాయించండి.

ఇక అందరికీ వచ్చే రెండు అనుమానాలు. పక్కింటివాళ్లు వైఫై దొంగిలించడం: రౌటర్‌లో కలిసి ఉన్న పరికరాల జాబితా చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. ఆ జాబితా చూడకుండా మాత్రం ఎవరినీ అనకండి. రౌటర్‌లో వైరస్: పన్నెండేళ్లలో ఒక్కసారి చూశాను, రీసెట్ చేసి పాస్‌వర్డ్ మార్చాను, పోయింది.