టర్బైన్ జెట్ మోడల్: ఇంధన పైపులు, బ్యాలెన్స్

రిమోట్‌తో ఎగరేసే పెద్ద స్కేల్ జెట్ మోడల్‌లో టర్బైన్ (దాని చిన్న జెట్ ఇంజన్) గాల్లో ఆగిపోతే చాలాసార్లు తప్పు ఇంజన్‌ది కాదు, పైపులో దూరిన గాలి బుడగది. అందుకే మెయిన్ ట్యాంకుకూ పంపుకూ మధ్య బుడగల్ని ఆపే హెడర్ ట్యాంకు తప్పనిసరి. పంపు పీలుస్తుంది కాబట్టి, దానికి ముందున్న జాయింటు వదులైతే ఇంధనం కారదు, గాలే లోపలికి వస్తుంది, కంటికి కనబడదు. ప్రతి జాయింటుకూ పైపు జారకుండా సేఫ్టీ వైరు (సన్నని తీగ) చుట్టండి.

ఇంధనంగా వాడే కిరోసిన్ 20 లీటర్లకు టర్బైన్ ఆయిల్ సుమారు 1 లీటరు కలపాలి. అయితే మీ ఇంజన్ మాన్యువల్‌దే ఆఖరి మాట.

బ్యాలెన్స్ చూసేటప్పుడు మెయిన్ ట్యాంకు ఖాళీగా, హెడర్ నిండుగా, చక్రాలు దించి ఉంచండి. తోక బరువైతే మొదట బ్యాటరీలను ముక్కువైపు జరపండి. ముక్కులో సీసం బరువు పెట్టడం ఆ తర్వాతే.

స్టార్టు చేసేటప్పుడు పక్కనే మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉండాలి. మంటలార్పే పౌడర్ కొడితే మంటతోపాటు ఇంజనూ పోతుంది.